ఇల్లు కొల్లూరులో... పని మాదాపూర్‌లో

2023 జూన్ 22న కొల్లూరులో డబుల్ బెడ్‌రూం పథకం కింద ప్రారంభమైన పేదల ఇళ్ల సముదాయం చిన్నదేమీ కాదు. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు: హాలు, రెండు పడక గదులు, వంటిల్లు, రెండు బాత్రూములు. పైకి వెళ్లడానికి లిఫ్టు, కింద బండి పెట్టుకోవడానికి జాగా, కాలనీకంతటికీ మురుగునీటి శుద్ధి కేంద్రం. లబ్ధిదారు తన వాటాగా రూపాయి కట్టనక్కర్లేదు. వంటా, పడకా, పిల్లల చదువూ ఒక్క గదిలోనే సర్దుకున్న కుటుంబానికి తలుపు వేసుకుని పడుకునే గది రావడం ఎంత పెద్ద మార్పో వేరే చెప్పాలా! ఒక నగరపాలక సంస్థ పేదల కోసం ఒక్కచోట ఇన్ని ఇళ్లు కట్టడం మన దేశంలో తరచుగా జరిగే పని కాదు. కట్టిన ఇంజనీర్లకూ కూలీలకూ దక్కాల్సిన మెప్పు దక్కాలి. అది ఇచ్చాకే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ఇల్లు ఎక్కడుంది?

సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. మాదాపూర్‌లోని హైటెక్ సిటీకి దాదాపు 20 కిలోమీటర్లు. కట్టింది హైదరాబాద్ మహానగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ, కానీ కట్టే నాటికి ఆ ఊరు జీహెచ్‌ఎంసీ హద్దుల్లోనే లేదు. కొల్లూరు ఉన్న తెల్లాపూర్ సహా 27 శివారు పట్టణ సంస్థలు మహానగరంలో కలిసింది 2025 డిసెంబరులో. నగరం తన పేదల కోసం కట్టిన అతిపెద్ద కాలనీని నగరం అవతల కట్టిందన్నమాట. ఇది ఏదో ఒక్కచోట జరిగిన పొరపాటు కాదు. హైదరాబాద్‌కు తలపెట్టిన లక్ష డబుల్ బెడ్‌రూం ఇళ్లకు 111 చోట్లు ఎంచుకున్నారు. అందులో 40 బస్తీలు. అంటే జనం ఉన్నచోటే పాత ఇళ్లు తీసేసి కొత్తవి కట్టినవి. వాటిలో వచ్చేది 9 వేల లోపు. మిగతా 91 వేల పైచిలుకు ఇళ్లు 71 ఖాళీ స్థలాల్లోకి వెళ్లాయి. ఖాళీ స్థలం ఎక్కడ దొరుకుతుందో అక్కడికి, అంటే కొల్లూరు, రాంపల్లి, అహ్మద్‌గూడ లాంటి చోట్లకు. ఈ పథకానికి తొలి నమూనా సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీ. 2015లో 396 ఇళ్లతో పూర్తయిన ఆ కాలనీలో బస్తీవాళ్లు తమ బస్తీలోనే, తమ పనులకు తమ బడులకు దగ్గరగానే ఉండిపోయారు. జనానికి నచ్చింది ఆ నమూనా. విస్తరించింది మాత్రం వేరొకటి.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే భూమి ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఇళ్లు కట్టే బాధ్యత నగరపాలక సంస్థది. హైటెక్ సిటీ, రాయదుర్గం, కోకాపేట చుట్టూ మిగిలిన ప్రభుత్వ భూమి మాత్రం పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేతిలోనో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చేతిలోనో ఉంటుంది. ఆ సంస్థలకు ఆ భూమి వేలానికి పెట్టే సరుకు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో 45.33 ఎకరాలు అమ్మితే 3,319.60 కోట్లు వచ్చాయి. అందులో 10వ నంబరు ప్లాటు, 3.6 ఎకరాలది, ఎకరం 100.75 కోట్లకు పోయింది. గజం లెక్కన రెండు లక్షలు దాటింది. ఆ ధరకు ఏ కార్పొరేషనూ భూమి కొని పేదలకు ఇళ్లు కట్టలేదు, కట్టమని అడగడమూ సబబు కాదు. అందుకే జీహెచ్‌ఎంసీకి మిగిలింది ఎవరూ వేలం పాడని నేల. ఒక ప్రభుత్వ సంస్థ ఉద్యోగాల పక్కనే ఉన్న భూమిని అమ్ముతుంటే మరో సంస్థ నగరం అంచున ఇళ్లు కడుతూ పోయింది. రెండు ఫైళ్లూ ఒకే సచివాలయంలో కదులుతాయి. ఒకదానికొకటి ఎదురుపడిన దాఖలా మాత్రం లేదు.

ఈ ఐటీ కారిడార్‌కు ఎవరి ఇళ్లు కావాలో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. 2022-23 నాటికి హైదరాబాద్ ఐటీలో ఉద్యోగులు 9 లక్షలు దాటారని రాష్ట్ర ప్రభుత్వ లెక్క. ఆ 9 లక్షల మంది కూర్చునే అద్దాల భవనాలను తుడిచేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు, క్యాబులు నడిపేవాళ్లు, క్యాంటీన్లలో వండేవాళ్లు, ఫుడ్ డెలివరీ చేసేవాళ్లు, వాళ్ల ఇళ్లలో గిన్నెలు తోమి పిల్లల్ని చూసుకునేవాళ్లు ఆ లెక్కలో లేరు. కొనగలిగే ఇల్లు అంటే జీఎస్టీ నిబంధన ప్రకారం మహానగరాల్లో 60 చదరపు మీటర్ల లోపు, 45 లక్షల లోపు. ఆ 45 లక్షల్లో 9 లక్షలు చేతిలో ఉండి, 36 లక్షలు 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు అప్పు తీసుకున్నారనుకుందాం. నెల వాయిదా 32 వేలు దాటుతుంది. ఆలుమగలిద్దరూ పనిచేసి నెలకు 30 వేలు తెచ్చుకునే కుటుంబానికి ఆ మాటలో అర్థం లేదు. కంపెనీలో చేరి ఏడాది రెండేళ్లయిన కుర్ర ఇంజనీరుకు కూడా అది బరువే. పైగా గచ్చిబౌలి, కొండాపూర్, నార్సింగి వైపు 45 లక్షల్లో కొత్త ఫ్లాటు కోసం వెతికేవాళ్లు వెతకడం మానేసి చాలా కాలమైంది.

మరి వీళ్లంతా ఇప్పుడు ఎక్కడుంటున్నారు? కొండాపూర్, గచ్చిబౌలి మధ్య సిద్ధిఖ్‌నగర్, అంజయ్యనగర్ లాంటి కాలనీల సందుల్లోకి వెళ్తే సమాధానం కనబడుతుంది. పదుల గజాల ప్లాట్లు, వాటి మీద నాలుగైదు అంతస్తులు, అంతస్తుకు రెండు మూడు గదులు. ఎదురెదురు బాల్కనీల్లో నిలబడితే చేతులు కలుస్తాయి. మెట్లు మనిషి పట్టేంత. కింద వాటర్ డబ్బాలు, పైన ఆరేసిన యూనిఫాంలు, గోడ నిండా టు-లెట్ కాగితాలు. 2024 నవంబరులో సిద్ధిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది తవ్వుతుండగా అలాంటి భవనమొకటి ఒరిగిపోయింది. అందులో ఉన్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. అధికారులు ఆ భవనాన్ని యంత్రంతో కూల్చేశారు. నిబంధనలకు విరుద్ధంగా కట్టారన్నది నిజమే. కానీ ఆ గదులు ఖాళీగా లేవన్నది అంతకంటే ముఖ్యమైన నిజం. పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో చిన్న గది కోసం ఈ ప్రాంతంలో ఎంత గిరాకీ ఉందో, చట్టబద్ధంగా దాన్ని తీర్చేవారు ఎంత తక్కువో ఆ భవనం చెబుతోంది. ప్రభుత్వం ఇక్కడ కట్టలేనని వదిలేసిన ఇంటిని ఇంకెవరో 60 గజాల్లో, పునాది లోతు చూసుకోకుండా కడుతున్నారు.

ఉద్యోగాలున్న చోట ప్రభుత్వం ఇళ్లు కట్టడం మనకు తెలియని విద్య కాదు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి నగరం లోపలే కొత్త ఇళ్లు కట్టింది. 1960లో ఆ బోర్డు స్థానంలోనే ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు వచ్చింది. ఆ హౌసింగ్ బోర్డే హైటెక్ సిటీ ఆలోచన పుట్టకముందే కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ కాలనీ కట్టింది. అక్కడ ఈ రోజుకీ ఇంటి నంబరుకు ముందు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఉంటుంది. ఎల్ఐజీ అంటే తక్కువ ఆదాయవర్గం. ఆ అక్షరాలు చిరునామాలో భాగమైపోయి అర్థం మరిచిపోయేంతగా ఆ కాలనీ మధ్యతరగతిదైపోయింది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ తలుపులు తెరిచాక ఐటీ కుర్రకారుకు తొలి చోటు ఇచ్చింది ఆ పాత ప్రభుత్వ ఇళ్లే. ఈ కారిడార్ ఎదుగుదలలో కేపీహెచ్‌బీ వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు గానీ, అది లేకపోతే ఆ తొలి పదేళ్లలో అద్దెలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. మరో ఉదాహరణ మణికొండ దగ్గరి చిత్రపురి కాలనీ. నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి చొరవతో సినీ కార్మికులకు దక్కిన 67 ఎకరాలది. కేటాయింపుల మీద ఏళ్ల తరబడి వివాదాలు నడిచాయి, అది వేరే కథ. కానీ చుట్టూ భూమి కోట్లకు చేరిన చోట కార్మికుల పేరున కాలనీ నిలబడిందంటే, ధర పెరగకముందే నేలను పక్కన పెట్టడం వల్లే.

ఇక అభ్యంతరాలు. మొదటిది, మార్కెట్‌నే కట్టనివ్వండి, సరఫరా పెరిగితే ధర అదే దిగుతుంది అన్నది. ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. 2006లో ప్రభుత్వం జీవో 86తో హైదరాబాద్ భవనాల మీద విస్తీర్ణ నిష్పత్తి పరిమితిని, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దును, ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు. దేశంలోని పెద్ద నగరాల్లో ఇంత స్వేచ్ఛ ఇచ్చినది దాదాపు లేదు. ముంబయితో పోలిస్తే ఇక్కడి మధ్యతరగతి చాలాకాలం పెద్ద ఇల్లు కొనుక్కోగలిగిందంటే ఆ జీవోకు కొంత ఘనత ఇవ్వాలి. కానీ ఆ ప్రయోగానికి ఇరవై ఏళ్లు నిండాయి. ఎకరం 100 కోట్లు పెట్టి కొన్న బిల్డరు 40 అంతస్తులు లేపి వాటిలో 300 చదరపు అడుగుల గదులు కట్టడు. మూడు వేల అడుగుల ఫ్లాట్లు కడతాడు. అతని వడ్డీ లెక్కలు అతనికున్నాయి, తప్పుపట్టడానికి లేదు. పరిమితి లేని ఎత్తు వల్ల సరఫరా పెరిగింది, పెరిగినదంతా పైమెట్టు మీదే చేరింది. కింది మెట్టు కోసం ఎవరో ఒకరు ప్రత్యేకంగా కట్టాల్సిందే.

రెండోది, దూరాన్ని రవాణాతో జయించవచ్చు కదా అన్నది. నిజంగానే కొంతవరకు జయించవచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. కొల్లూరు నుంచి మాదాపూర్ వచ్చే హౌస్‌కీపింగ్ మహిళకు అది నెలకు వందల రూపాయల ఆదా. కానీ ఉచిత టికెట్ బస్సును త్వరగా తీసుకురాదు. ఉదయం ఆరింటి షిఫ్టు అందుకోవాలంటే నాలుగింటికి లేవాలి, ఐదు లోపు బస్టాపులో ఉండాలి, ఎక్కడో దిగి ఇంకో బస్సో షేర్ ఆటోనో పట్టుకోవాలి. సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లకు తాళంచెవి ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు ఏ బస్‌పాసూ జవాబు చెప్పదు. మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీకి, ఆ నవంబరులో రాయదుర్గానికి వచ్చి ఆగింది. కోకాపేటకూ పటాన్‌చెరుకూ పొడిగించే రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. అది వచ్చినా కొల్లూరు గుమ్మం దాకా రాదు. పైగా ఇళ్లు ఇచ్చింది అసెంబ్లీ నియోజకవర్గాల వారీగా కంప్యూటర్ లాటరీ తీసి. ఎవరు ఎక్కడ పనిచేస్తారన్నది ఆ లాటరీకి తెలియదు. ఇల్లు దక్కినా చేరని కుటుంబాలున్నాయని, కొన్ని ఇళ్లు అద్దెకు పోయాయని గృహనిర్మాణ శాఖ తనిఖీల్లోనే తేలింది. దాన్ని మోసంగా చూసి నోటీసులిస్తున్నారు. కొందరి విషయంలో మోసమే కావచ్చు. కానీ ఉచితంగా వచ్చిన రెండు గదుల ఇల్లు వదిలి అద్దె గదికి తిరిగి వెళ్లే కుటుంబం ఏదో లెక్క వేసుకునే వెళ్తుంది. ఆ లెక్కలో పనికి వెళ్లే దారి ఉంటుంది.

మూడోది అన్నిటికంటే బలమైనది. అంత విలువైన భూమిని అమ్మి, ఆ డబ్బుతో శివారులో పదింతల ఇళ్లు కట్టడం న్యాయం కాదా? ఈ ప్రశ్నను అంకెలతోనే ఎదుర్కోవాలి. 2023 నియోపోలిస్ వేలంలో సగటు ధర ఎకరం 73 కోట్లు. ఆ పదో నంబరు ప్లాటంత జాగా, 3.6 ఎకరాలు, అమ్మకుండా ఉంచుకుని ఉంటే సగటు ధరన వదులుకునేది సుమారు 264 కోట్లు. వచ్చిన మొత్తంలో 8 శాతం. అందులో 30 చదరపు మీటర్ల చిన్న ఇళ్లు ఎకరానికి 400 చొప్పున కట్టారనుకుందాం, పక్కన లేచే టవర్ల మొత్తం విస్తీర్ణంతో పోలిస్తే ఇది ఎక్కువ కాదు. 1,440 ఇళ్లు వస్తాయి. ఇంటికి భూమి విలువ 18 లక్షలు పడుతుంది. నిర్మాణానికి మరో 12 లక్షలు వేసుకుందాం. అవును, కొల్లూరులో ఒక ఇంటికైన ఖర్చు కంటే ఇది చాలా ఎక్కువ. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. ఆ ఇళ్లను ఎవరికీ రాసివ్వకూడదు. అద్దెకివ్వాలి. నెలకు 5 వేలు అద్దె వస్తే ఏడాదికి 60 వేలు, అంటే నిర్మాణ ఖర్చు మీద 5 శాతం. భూమి 18 లక్షలు ఖర్చయిపోలేదు, కార్పొరేషన్ ఆస్తిగా అక్కడే ఉంది, ఏటేటా పెరుగుతూ ఉంది. 2021 జులైలో ఇదే కోకాపేటలో ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది, రెండేళ్లలో అది 100 దాటింది. అమ్మినవాడికి ఆ పెరుగుదల రాలేదు. ఒకసారి అమ్మిన డబ్బు ఆ బడ్జెట్‌తోనే అయిపోతుంది. ఆ నేల మీద పేదవాడికి చోటు మళ్లీ పుట్టదు.

ఈ మాట చెప్పినప్పుడల్లా కంచ గచ్చిబౌలి గుర్తుకు రావడం సహజం. 2025 ఏప్రిల్‌లో అక్కడి 400 ఎకరాల్లో చెట్టూ పుట్టా నరకడాన్ని సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. ఇళ్ల పేరుతో మళ్లీ అలాంటి నేల మీదికి పోవాలని ఎవరూ అనడం లేదు. చెరువు శిఖం కాదు, అడవి కాదు. అమ్మకానికని ఇప్పటికే రోడ్లు వేసి, నంబర్లు ఇచ్చి సిద్ధం చేసిన ప్లాట్లలో ఒకటి చాలు.

సర్కారు మంచి ఇంటి యజమాని కాలేదన్న నాలుగో అభ్యంతరానికి చరిత్రే సాక్ష్యం చెబుతుంది. లిఫ్టు ఆగితే ఎవరికి చెప్పాలో తెలియని ప్రభుత్వ కాలనీలు మనకు కొత్త కాదు. కేంద్ర పట్టణ పునరుద్ధరణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద దేశమంతటా దూరాన కట్టిన ఇళ్లు వేల సంఖ్యలో ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీ ఇళ్లను కూడా వాడుకునేలా కేంద్రం 2020 జులైలో వలస కార్మికులకు అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. చండీగఢ్, సూరత్‌లలో అలా పాత ఇళ్లు అద్దెకు మారాయి. 2024లో మొదలైన కేంద్ర గృహ పథకం పీఎంఏవై పట్టణ రెండో దశలోనూ అద్దె ఇళ్లకు ప్రత్యేక భాగం ఉంది. అంటే పథకం, నిధి రెండూ ఉన్నాయి. నిర్వహణకు పద్ధతి కావాలి, దాన్ని తేలిక చేసి చెప్పలేం. అద్దె వసూలు, మరమ్మతు, ఖాళీ చేయించడం, ఈ మూడింటికీ బాధ్యత పడే ప్రత్యేక విభాగం లేకుండా మొదలుపెడితే పదేళ్లలో పాత కథే అవుతుంది. కానీ సొంత ఇల్లు ఇచ్చే పథకంలో ఒక చిక్కు ఉంది, దానికి విభాగం పెట్టినా విరుగుడు లేదు. హైటెక్ సిటీ పక్కన ఉచితంగా ఇచ్చిన ఇల్లు ఎన్ని షరతులు పెట్టినా చివరికి చేతులు మారుతుంది. అమ్మకుండా ఉండమని పేదవాడిని అడగడం కూడా అన్యాయమే. ఆ ఒక్క అమ్మకంతో కూతురి పెళ్లీ అప్పులూ తీరతాయి. కానీ తర్వాత వచ్చే గార్డుకు, తర్వాత వచ్చే నర్సుకు ఆ ఇల్లు లేదు. సింగపూర్‌లో 1960 నుంచి ప్రభుత్వ బోర్డు కట్టిన ఇళ్లలో ఇప్పుడు దాదాపు 80 శాతం జనం ఉంటున్నారు. అక్కడ కూడా ఇల్లు అమ్ముతారు గానీ భూమి అమ్మరు, 99 ఏళ్ల లీజే.

ప్రైవేటు ప్రాజెక్టుల వాటా గురించీ ఒక మాట. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం సంస్కరణల్లోనే ప్రతి గృహ ప్రాజెక్టులో 20 నుంచి 25 శాతం అభివృద్ధి చేసిన భూమిని పేద, తక్కువ ఆదాయ వర్గాలకు కేటాయించాలన్న షరతు ఉండేది. మహారాష్ట్ర 2013లో పది లక్షల జనాభా దాటిన నగరాల్లో 4 వేల చదరపు మీటర్లు మించిన ప్రాజెక్టులకు 20 శాతం నిబంధన పెట్టింది. అక్కడా అమలు సాఫీగా సాగలేదు. ప్రభుత్వమే వేలం వేసే భూమి విషయంలో ఆ తలనొప్పి లేదు. షరతు వేలం నోటీసులోనే రాయవచ్చు, పాడేవాడు దానికి తగ్గట్టే పాడతాడు.

కొల్లూరును అలాగే వదిలేయమని దీని అర్థం కాదు. అక్కడ ఉంటున్న వేల కుటుంబాలకు తెల్లవారుజామున షిఫ్టు వేళలకు సరిపడా బస్సులు రేపటి నుంచే నడపవచ్చు. పటాన్‌చెరు వైపు పారిశ్రామికవాడల్లో పనిచేసేవారికి ఆ ఇళ్లు దగ్గరే. ఖాళీగా ఉన్నవి వాళ్లకు మార్పిడి చేయవచ్చు, లాటరీలో వచ్చిన చోటును పనిచోటుకు దగ్గరగా మార్చుకునే వెసులుబాటు ఇవ్వవచ్చు. ఇవి ఉత్తర్వుతో అయిపోయే పనులు. అసలు పని మాత్రం తర్వాతి వేలానికి లేఅవుట్ గీసే బల్ల దగ్గర ఉంది. ఆ నక్షాలో ప్లాట్లకు నంబర్లు వేసేటప్పుడు, మెట్రో స్టేషనుకో బస్టాపుకో నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఒక నంబరును అమ్మకం జాబితా నుంచి తీసి, నగరపాలక సంస్థ పేరు మీద అద్దె ఇళ్లకు అని రాయాలి. మూడున్నర ఎకరాలు చాలు, మొదలుపెట్టడానికి.